నాన్నని ఈ సాయంత్రమే తీసుకెళ్ళిపొమ్మంటున్నారు, మనిషి నిలబడలేకపోతున్నారు. ఎలా ఆపాలి?

మూడోబెడ్_అటెండెంట్ (ఉదయం 10:12)
నాన్నకి 79 ఏళ్ళు. న్యుమోనియాతో ఆరు రోజుల కిందట చేర్పించాం. జ్వరం పోయింది, ఆక్సిజన్ తీసేశారు, నిన్నటి ఎక్స్‌రే బాగుందన్నారు. ఇవాళ పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు ఫైల్ చూసి "సాయంత్రం వెళ్ళిపోవచ్చు" అనేసి పక్క మంచానికి వెళ్ళిపోయారు. నేను నోరు తెరిచేలోపే అయిపోయింది.

చేరిన రోజు నాన్న దగ్గుకుంటూనే తన కాళ్ళ మీద నడిచి లోపలికి వచ్చారు. ఇవాళ మంచం మీంచి లేపాలంటే ఇద్దరం కావాలి. ఇందాక బాత్రూమ్‌కి తీసుకెళ్దామని లేపబోతే మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు, వేళ్ళు తెల్లబడిపోయాయి. ఒక కాలికి చెప్పు తొడిగాను, రెండోది తొడిగేలోపు వెనక్కి కూలబడ్డారు. రాత్రి రెండింటికి లేచి "బండి కదిలిపోతోంది, పెట్టె దించండి" అని ఒకటే గొడవ. నర్సుకి చెప్తే "పెద్దవాళ్ళు కదండీ, ఇంటికెళ్తే సర్దుకుంటారు" అంది.

అక్కేమో ఫోన్లో "డాక్టరుకి తెలియనిది నీకు తెలుసా" అంటోంది. ఇంట్లో నేనూ మా ఆవిడా, ఇద్దరివీ ఉద్యోగాలు. ఇంకో రెండు రోజులు ఉంచమంటే ఉంచుతారా? ఎలా అడగాలి? గొడవ పెట్టుకోవాలా? టెన్షన్‌తో బుర్ర పనిచేయట్లేదు. ఎవరైనా త్వరగా చెప్పండి.

మాట_పెళుసు
ఇంకేముంది, బెడ్ ఎవరికో కావాలి. సంతకం పెట్టకండి. కదలకండి. అంతే.

కొత్తచెప్పులు
సంతకం పెట్టకపోతే ఏమవుతుందట? రేపటి బిల్లు కూడా వస్తుంది, మనసులు విరుగుతాయి. పాయింట్ లేకుండా భీష్మించుకుని కూర్చుంటే ఎవరూ వినరు.

నైట్‌డ్యూటీ
గొడవ సంగతి తర్వాత. నేను వార్డులో స్టాఫ్ నర్సుని, ముందు నాకు ఇవి చెప్పండి. నాన్నగారికి యూరిన్ పైపు వేశారా? వేస్తే ఎప్పుడు తీశారు? తీశాక ధారగా ఎన్నిసార్లు పోశారు? నిద్ర పట్టడానికని రాత్రిపూట మాత్ర ఏమైనా ఇస్తున్నారా? విరేచనం అయి ఎన్ని రోజులైంది?

మూడోబెడ్_అటెండెంట్
పైపు నిన్న సాయంత్రం తీశారు. డైపర్ వేశారు కాబట్టి ధార సంగతి తెలియదు, కొంచెం కొంచెం తడిగా అయితే ఉంటోంది. విరేచనం నాలుగు రోజులైంది అనుకుంటా. రాత్రి ఏదో చిన్న తెల్ల మాత్ర ఇస్తున్నారు, పేరు కనుక్కుంటాను. వీటికీ నిలబడలేకపోవడానికీ సంబంధం ఏంటండీ?

నైట్‌డ్యూటీ
చాలా ఉంది. కొంచెం కొంచెం తడి అంటే పోస్తున్నారని కాదు. కుండ నిండి అంచుల మీంచి కారుతున్నా తడిగానే ఉంటుంది. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడండి. గట్టిగా, ఉబ్బుగా ఉందా? నొక్కితే మొహం చిట్లిస్తున్నారా? పెద్దవాళ్ళు "మూత్రం ఆగిపోయింది" అని నోటితో చెప్పరు. లేవబోతారు, పైపులు పీకుతారు, పెట్టె దించమంటారు.

ఇప్పుడే సిస్టర్ దగ్గరికి వెళ్ళి ఈ ఒక్క మాట అనండి: "పైపు తీశాక ఒక్కసారి కూడా ధారగా పోయలేదు, రాత్రి నుంచి తికమకపడుతున్నారు, బ్లాడర్ స్కాన్ చేసి చూడండి." మూత్రసంచిలో ఎంత నిల్వ ఉందో చూసే ఆ స్కాన్‌కి రెండు నిమిషాలు చాలు. డిశ్చార్జ్ గురించి మాత్రం అక్కడ ఎత్తొద్దు.

బీపీ_మిషన్
పెట్టె దించమన్నారంటే ఊరికే అనలేదు, లోపల నిజంగానే లగేజీ ఉంది.

సగంనిద్ర
పై పోస్టుకి నవ్వొచ్చింది కానీ మా అమ్మ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. మేం "మతిమరుపు మొదలైంది" అనుకుని ఇంటికి తెచ్చేసుకున్నాం. మర్నాడు రాత్రి పొట్ట ఉబ్బిపోయి మళ్ళీ ఎమర్జెన్సీకి పరుగు.

రిటైర్డ్_స్టెతస్కోప్
ముప్పై ఏళ్ళు వార్డుల్లో రౌండ్లు కొట్టినవాణ్ణి. అటువైపు నుంచి చెప్తాను.

పొద్దున రౌండ్‌లో మా ముందు ఉండేది కాగితం. జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, రక్తంలో తెల్లకణాలు తగ్గాయా, మందు సూదినుంచి మాత్రకి మార్చొచ్చా. అవన్నీ బాగుంటే జబ్బుకి ఆసుపత్రి అవసరం తీరినట్టే. నిజానికి అది తప్పు లెక్క కాదు. కానీ ఆ కాగితంలో కాళ్ళకి గడి ఉండదు. మేం వచ్చేసరికి పేషెంటు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాడు. "ఎలా ఉంది పెద్దాయనా" అంటే "బాగుంది బాబూ" అంటాడు. మర్యాదస్తుడు కదా! ఆయన నిలబడితే ఎలా ఉంటాడో నేను చూడలేదు. చూసింది మీరు.

అందుకే "ఇంకో రెండు రోజులు ఉంచండి" అని అడగొద్దు బాబూ. ఆ మాటలో సమాచారం లేదు, రోజుకి పది మంది అంటారు. ఇలా చెప్పండి: "న్యుమోనియా తగ్గిందని మాకూ తెలుస్తోంది సార్. కానీ చేరేటప్పుడు నడిచి వచ్చారు, ఇవాళ ఇద్దరం పట్టుకుంటే గాని లేవట్లేదు. రాత్రి నుంచి మాట తేడాగా ఉంది. ఈ రెండూ చేరకముందు లేవు. కారణం ఏంటో చూసి ఫైల్లో రాయండి." ఏ డాక్టరూ దీన్ని దాటుకుని వెళ్ళలేడు. కొత్త లక్షణం అని వినపడ్డాక చూడకపోతే రేపు అతని మెడకే చుట్టుకుంటుంది.

ఇంకో మాట కూడా వాడండి, డెలీరియం. ఉన్నట్టుండి వచ్చి, గంటకో రకంగా మారే తికమకకి అది పేరు. మతిమరుపు జబ్బు నెలలూ ఏళ్ళూ తీసుకుని వస్తుంది, ఇది ఒక్క రాత్రిలో వస్తుంది. వెనక ఏదో కారణం ఉంటుంది: ఇన్‌ఫెక్షన్, మూత్రం ఆగడం, మలబద్ధకం, నొప్పి, మందు, ఉప్పు తగ్గడం. వారాలు వెనక్కి చెప్పమనండి. శనివారం, శుక్రవారం అని. రోజూ పేపరు చదివే మనిషి మధ్యలో దారి తప్పితే అది వయసు కాదు.

మాట_పెళుసు
డాక్టరు గారూ, "తప్పు లెక్క కాదు" అని భలే సర్దేశారు. రెండు నిమిషాలు నిలబెట్టి చూస్తే మీ సొమ్మేం పోయేది?

రిటైర్డ్_స్టెతస్కోప్
ఏమీ పోయేది కాదు. చాలాసార్లు చూడలేదు. అందుకే ఇప్పుడు చెప్తున్నాను.

ఇంట్లో_పెద్దది
ఇది చదివాక అందరూ నన్ను తిడతారేమో, అయినా చెప్తాను. మా అమ్మకి తుంటి ఆపరేషన్ అయ్యాక అయిదో రోజు పంపిస్తామన్నారు. నేను చెల్లెళ్ళందరిలో పెద్దదాన్ని, నోరు కూడా పెద్దదే. సూపరింటెండెంట్ దాకా వెళ్ళి, అరిచి, ఇంకో వారం ఉంచేలా చేశాను. గెలిచాననుకున్నాను.

ఆ వారంలో ఏం జరిగింది? అమ్మని రోజుకి ఒక్కసారి నడిపించేవాళ్ళు, మిగతా ఇరవై మూడు గంటలూ మంచమే. రాత్రిళ్ళు లైట్లు, పక్క మంచం వాళ్ళ మూలుగులు, నాలుగింటికి రక్తం తీయడానికి లేపడం. నాలుగో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి, వార్డులో అప్పటికే ఇద్దరికి ఉన్నాయి. నడుం కింద పుండు మొదలైంది. చివరికి అప్పుడు అయిదో రోజున వెళ్ళుంటే ఎలా ఉండేదో దానికంటే నీరసంగా ఇంటికొచ్చింది.

ఆ పోట్లాట దేనికోసం అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నిజం చెప్పాలంటే ఇంట్లో ఎలా చూసుకోవాలో నాకు తెలియక భయపడ్డాను. ఆ భయాన్ని "అమ్మకి ఇంకా తగ్గలేదు" అని పేరు మార్చి అరిచాను. కావాల్సింది వారం రోజుల మంచం కాదు, ఇంటికొచ్చి నడిపించే మనిషి. అది అడగాలని నాకు తట్టలేదు, వాళ్ళూ చెప్పలేదు.

చంద్రవంక_77
అక్కయ్యా, ఎవరు తిడతారు. అందరం చేసిందే.

నడిపించేవాడు
నేను ఫిజియోని. పైన ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక పరిశోధన 2007లో వచ్చింది. ఆ పది రోజుల్లో కాళ్ళ కండ దాదాపు కిలో కరిగిపోయింది. జబ్బు లేనివాళ్ళకే అలా! కాబట్టి మూడోబెడ్ గారూ, మీ నాన్నగారు నిలబడలేకపోవడంలో సగం ఆ ఆరు రోజుల పడకే అయ్యుండొచ్చు. "ఇంకా ఉంచండి" అని ఊరుకుంటే మాత్రం ఇంకా కరుగుతుంది. ఉంచితే నడిపించాలి. ఇవాళ్టికి ఫిజియో వచ్చి చూశారా? చూడకుండా డిశ్చార్జ్ రాస్తే అది అడగాల్సిన మొదటి విషయం.

మీరే చూడొచ్చు కూడా. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవగలరా? లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోడానికి 12 సెకన్లు దాటితే పడిపోయే ముప్పు ఉందని లెక్క. ఇది పక్కన పట్టుకునే మనిషి ఉన్నప్పుడే చేయాలి. మీ ఇంట్లో మెట్లు ఎన్ని, బాత్రూమ్ గడప ఎంత ఎత్తు, ఇవి ఫిజియోకి చెప్పండి. వార్డు నేల నున్నగా ఉంటుంది, ఇల్లు అలా ఉండదు.

దూరపుకొడుకు
నేను ఇంకో దేశంలో ఉంటాను. నాన్నని ఇలాగే పంపేస్తుంటే ఫోన్లో డాక్టరు మీద ఎగిరాను, ఆ స్కాన్ తీయండి ఈ స్కాన్ తీయండి అని. అక్కడ రోజూ పక్కన కూర్చుంటున్న తమ్ముడు ఇబ్బంది పడిపోయాడు. తర్వాత తెలిసింది, నాలాంటివాళ్ళకి డాక్టర్లు 1991లోనే ఒక పేరు పెట్టారట, "కాలిఫోర్నియా కూతురు సిండ్రోమ్" అని. దూరం నుంచి ఊడిపడి, అన్నీ తనకే తెలిసినట్టు గోల చేసే బంధువు అన్నమాట.

బీపీ_మిషన్
కాలిఫోర్నియాలో వాళ్ళు ఏమంటారో మరి?

దూరపుకొడుకు
అదీ రాశారు ఎక్కడో, అక్కడ "న్యూయార్క్ కూతురు" అంటారట 😀

ఇన్సూరెన్స్_బాధితుడు
బిల్లింగ్ కౌంటర్‌లో "మీ ఇన్సూరెన్స్ అప్రూవల్ ఇవాళ్టి వరకే వచ్చింది" అంటే కంగారు పడకండి. అప్రూవల్ అనేది డబ్బు ఎవరిస్తారన్న సంగతి, మనిషి ఇంటికెళ్ళొచ్చా లేదా అన్న సంగతి కాదు. ఉండాల్సిన వైద్య కారణం డాక్టరు రెండు లైన్లు రాస్తే, దాన్ని జతచేసి ఎక్స్‌టెన్షన్ అడగాల్సింది కౌంటర్ వాళ్ళే. కారణం రాయకుండా అడిగితే కొట్టేస్తారు. నాకు కొట్టేశారు, అందుకే ఈ పేరు.

మూడోబెడ్_అటెండెంట్ (మధ్యాహ్నం 1:05)
నైట్‌డ్యూటీ గారూ, మీకు దండం పెట్టాలి.

బొడ్డు కింద చెయ్యి పెడితే కొబ్బరికాయలా గట్టిగా తగిలింది. నాన్న "అబ్బా" అని నా చెయ్యి తోసేశారు. సిస్టర్‌తో మీరు చెప్పిన మాట ఉన్నదున్నట్టు అన్నాను. మొదట "డైపర్ తడిగానే ఉందిగా" అంది. ధారగా పోయలేదని మళ్ళీ అన్నాను. మిషన్ తెచ్చి చూసి, ఇంకేం మాట్లాడకుండా ఫోన్ తీసింది. 780 మి.లీ. ఉందట. పైపు మళ్ళీ వేశారు. సంచీ నిండుతుంటే నాన్న మొహం మారిపోవడం నా కళ్ళతో చూశాను. నుదుటి మీద ముడత ఒక్కొక్కటే విడిపోయింది. తర్వాత నా వైపు తిరిగి "ఆఫీసుకి వెళ్ళలేదేం?" అని అడిగారు. రాత్రి నుంచి నన్ను నన్నుగా పలకరించడం ఇదే మొదలు.

రాత్రి మాత్ర పాత రకం ఎలర్జీ మందట, మత్తు వస్తుంది కదా అని నిద్రకి రాశారట. డాక్టరు గారికి కబురు పెట్టారు. డిశ్చార్జ్ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.

నైట్‌డ్యూటీ
హమ్మయ్య. ఆ మాత్ర ఆపించండి. అది మూత్రం ఆపుతుంది, తికమక పెడుతుంది, మలబద్ధకం తెస్తుంది, మూడూ అదే చేస్తుంది.

రిటైర్డ్_స్టెతస్కోప్
పెద్దవయసు వాళ్ళకి ఇవ్వకపోతే మంచిదన్న మందుల జాబితా ఒకటి ఉంది, బీర్స్ క్రైటీరియా అంటారు. 1991లో మొదలుపెట్టారు, 2023లో కూడా సరిచేశారు. ఆ పాత రకం ఎలర్జీ మాత్రలు అందులో ఎప్పటినుంచో ఉన్నాయి. డాక్టరు మీద కోపం తెచ్చుకోకండి, రాత్రి రెండింటికి గొడవ చేస్తున్న పేషెంటుకి నిద్ర మందు రాయమని ఫోన్ వస్తే చేతికొచ్చింది రాసేస్తారు. కానీ ఆపమని మాత్రం అడగండి.

ఇంకోటి. లేచేటప్పుడు కూలబడ్డారన్నారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి బీపీ చూడమనండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో తుంటి విరగడానికి అదొక రాజమార్గం.

మాట_పెళుసు
సరే, ఒప్పుకుంటున్నా, సంతకం పెట్టొద్దు అన్న నా సలహా కంటే ఆ సిస్టర్ గారి ప్రశ్నలు బాగా పనిచేశాయి. కానీ ఒక మాట. మూడోబెడ్ గారికి ఇక్కడ మనం ఉన్నాం. పక్కన నాలుగో బెడ్ ముసలాయనకి ఎవరున్నారు?

సగంనిద్ర
ఆ బెడ్ కోసం ఎదురుచూసేవాళ్ళని కూడా తల్చుకోండి. మా మావయ్య ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద పద్నాలుగు గంటలు పడి ఉన్నారు, పైన వార్డులో బెడ్ ఖాళీ లేదని. అప్పుడు "ఎవరో తగ్గినా కదలట్లేదు" అని నేనే తిట్టుకున్నాను. బెడ్ ఖాళీ చేయమన్నవాళ్ళంతా దుర్మార్గులు కాదు.

మాట_పెళుసు
కాదు. కానీ 780 మి.లీ. మూత్రంతో ఇంటికి పంపడం కూడా పరోపకారం కాదు.

మూడోబెడ్_అటెండెంట్ (సాయంత్రం 6:40)
డాక్టరు గారు ప్రత్యేకంగా వచ్చారు. రిటైర్డ్_స్టెతస్కోప్ గారు చెప్పినట్టే, నడిచి వచ్చిన మనిషి అన్న మాటతో మొదలుపెట్టాను. ఆయన ఆగారు. "నడిచి వచ్చారా? వీల్‌చైర్‌లో వచ్చారని రాసి ఉందే" అన్నారు. ఫైల్లో అలాగే ఉంది! ఎక్స్‌రేకి తీసుకెళ్ళేటప్పుడు వీల్‌చైర్ ఎక్కించారు, అదే రాసుకున్నట్టున్నారు. అంటే ఆరు రోజులుగా వాళ్ళ దృష్టిలో నాన్న ముందునుంచీ నడవలేని మనిషి. నా ఫోన్లో పదిరోజుల కిందటి వీడియో ఉంది, నాన్న మేడ మీద మొక్కలకి నీళ్ళు పోస్తున్నది. అది చూపించాను. బీపీ తనే చూశారు. పడుకుంటే 136/78, నిలబెడితే 108/64.

డిశ్చార్జ్ ఆపారు. బీపీ మాత్రల్లో ఒకటి ఆపారు. రేపు ఫిజియో వస్తారట.

చంద్రవంక_77
వీడియో! ఎంత మంచి పని. మనం అమ్మానాన్నల వీడియోలు పుట్టినరోజులకి తప్ప తీయం.

రిటైర్డ్_స్టెతస్కోప్
వీల్‌చైర్ సంగతి చదివి నాకు నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి. ఫైల్లో ఒకసారి పడ్డ మాటని తర్వాత వచ్చినవాళ్ళంతా ఎత్తి రాసుకుంటూ పోతారు. నేనూ రాసి ఉంటాను.

కొత్తచెప్పులు
నిశ్శబ్దంగా పడుకునే వాళ్ళ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా అత్తయ్య గొడవ చేయలేదు, పెట్టె దించమనలేదు. రోజంతా నిద్ర. "పాపం మంచి పేషెంటు, ఇబ్బంది పెట్టదు" అని అందరూ మెచ్చుకున్నారు. ఇంటికి తెచ్చాక కూడా రెండు రోజులు నిద్రే. చూస్తే ఒంట్లో సోడియం బాగా పడిపోయింది.

నైట్‌డ్యూటీ
అది కూడా డెలీరియమే, నిశ్శబ్దపు రకం. గొడవ చేసేవాళ్ళ దగ్గరికి మేం పరిగెడతాం, వీళ్ళని దాటిపోతాం. తిండి వేళకి కూడా లేవకపోతే, మాట మధ్యలో కళ్ళు మూసేస్తుంటే "అలసిపోయారు" అని వదలొద్దు.

మూడోబెడ్_అటెండెంట్ (రెండో రోజు, రాత్రి 9:20)
రాత్రి నాన్న ఆరు గంటలు నిద్రపోయారు, మాత్ర లేకుండానే. ఇవాళ ఫిజియో వచ్చి వాకర్‌తో వరండా చివరిదాకా నడిపించారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి ఆగారు. వారాలు వెనక్కి చెప్పమంటే మంగళవారం దాకా వచ్చి "నీకు రావా ఏంటి, నన్నడుగుతున్నావు" అన్నారు.

మూత్రం ధారగా రావడానికని ప్రోస్టేట్‌కి కొత్త మాత్ర మొదలుపెట్టారు. పైపుతోనే ఇంటికి, వారం తర్వాత తీసి చూస్తారట. రేపు డిశ్చార్జ్ అంటున్నారు. ఈసారి నాకు కూడా తీసుకెళ్ళొచ్చనిపిస్తోంది, కానీ కాగితాల్లో ఏం చూసుకోవాలి?

రిటైర్డ్_స్టెతస్కోప్
ఆ ప్రోస్టేట్ మాత్ర కూడా నిలబడ్డప్పుడు బీపీ తగ్గించే రకమే. ఒకటి ఆపి ఇంకోటి మొదలుపెట్టారు కాబట్టి రేపు బయల్దేరేముందు నిలబెట్టి బీపీ మళ్ళీ చూడమనండి. మాత్ర రాత్రి పడుకునేముందు వేసుకోవచ్చా అని అడగండి.

సగంనిద్ర
మందుల చీటీ ఇంట్లో ఉన్న పాత డబ్బా పక్కన పెట్టుకుని చదవండి. అమ్మకి డిశ్చార్జ్‌లో ఆమ్లోడిపైన్ అనే బీపీ మందు ఒక కంపెనీ పేరుతో రాశారు, ఇంట్లో అదే మందు ఇంకో కంపెనీది ఉంది. రెండూ వేసేశాం పదకొండు రోజులు. కాళ్ళు వాచిపోయాయి. మొదలుపెట్టినవి అందరూ రాస్తారు, ఆపినవి ఎవరూ రాయరు. "ఆపినవి" అని వేరే రాయించుకోండి. మీకైతే ఆ బీపీ మాత్ర, ఎలర్జీ మాత్ర.

ఇన్సూరెన్స్_బాధితుడు
డిశ్చార్జ్ రకం అని ఒక లైన్ ఉంటుంది, అది చదవకుండా సంతకం పెట్టొద్దు. డాక్టరు పంపిస్తే ఒకలా ఉంటుంది, మనవాళ్ళే కోరి తీసుకెళ్తే "రిక్వెస్ట్ మీద", సలహాకి వ్యతిరేకంగా వెళ్తే ఇంకోలా. మా నాన్నని వాళ్ళే పంపించి, కాగితంలో మాత్రం "రిక్వెస్ట్ మీద" అని కొట్టారు. మూడు రోజులకి మళ్ళీ చేర్చాల్సి వచ్చినప్పుడు అందరూ ఆ లైనే చూపించారు.

నైట్‌డ్యూటీ
మాట్లాడాల్సిన ఫోన్ నంబరు ఒకటి తీసుకోండి, రాత్రి ఎత్తేది. ఏం జరిగితే వెంటనే తీసుకురావాలో డాక్టరు చేత చెప్పించుకుని, మీరు తిరిగి ఆయనకి చెప్పండి. మీరు చెప్తుంటేనే ఏది అర్థం కాలేదో బయటపడుతుంది. పైపు ఉంది కాబట్టి: సంచీలోకి నాలుగు గంటలుగా చుక్క రాకపోయినా, రక్తం గడ్డలు కనపడినా, చలిజ్వరం వచ్చినా ఆగొద్దు. పైపు మెలిక పడిందేమో ముందు చూసుకోండి, సగం ఫోన్లు దానికే వస్తాయి.

నడిపించేవాడు
మొదటి నెల జాగ్రత్త. 2013లో క్రమ్‌హోల్జ్ అనే గుండె డాక్టరు దీనికి "పోస్ట్ హాస్పిటల్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పేషెంట్లలో దాదాపు ఐదో వంతు మంది 30 రోజుల్లోపే మళ్ళీ చేరుతున్నారు, అదీ చాలామంది మొదటి జబ్బుతో కాదు, వేరేదానితో అని ఆయన రాశారు. నిద్రలేమి, తిండి సరిగ్గా లేకపోవడం, కదలకపోవడం, ఇవన్నీ కలిసి మనిషిని డొల్ల చేసి పంపుతాయి. కాబట్టి తగ్గింది కదా అని మంచం మీద కూర్చోబెట్టి సేవ చేయకండి. ప్రతి గంటకీ ఒకసారి లేపండి, రెండు అడుగులైనా సరే.

ఇంట్లో_పెద్దది
మీ ఆవిడనీ అడగండి, తను ఎంత చేయగలదో. ఆసుపత్రిలో "ఇంట్లో చూసుకునేవాళ్ళున్నారా?" అంటే మగవాళ్ళు "ఉన్నార్సార్" అనేస్తారు. ఆ ఉన్నది ఎవరో ఆవిడకే తెలియదు.

మూడోబెడ్_అటెండెంట్
దొరికిపోయాను. మొన్న నేనన్నది అదే మాట. ఇవాళ కూర్చుని మాట్లాడుకున్నాం. పగలు ఒక మనిషిని పెట్టుకుంటున్నాం, రాత్రి నేను, వారాంతం అక్క వస్తానంది. "డాక్టరుకి తెలియనిది నీకు తెలుసా" అన్న అక్క ఇప్పుడు అందరికీ ఫోన్ చేసి "మా తమ్ముడు కనిపెట్టాడు" అని చెప్తోంది. కనిపెట్టింది మీరు.

బీపీ_మిషన్
క్రెడిట్ సంచీకి ఇవ్వండి.

మూడోబెడ్_అటెండెంట్ (నాలుగో రోజు, రాత్రి 11:15)
నిన్న ఇంటికొచ్చాం. బయల్దేరేముందు నిలబెట్టి చూస్తే 128 మీంచి 118, పర్లేదన్నారు. నాన్న రెండు చెప్పులూ తనే తొడుక్కున్నారు, చాలాసేపు పట్టింది, నేను కిందకి వంగలేదు. నీరసం ఇంకా బాగా ఉంది. సాయంత్రం అయ్యేసరికి మాట కాస్త తడబడుతోంది, పొద్దునకి సర్దుకుంటోంది. భయపడాలా?

నైట్‌డ్యూటీ
డెలీరియం ఒక్కరోజులో పోదు, వారాలు కూడా పట్టొచ్చు. రోజురోజుకీ తగ్గుతుంటే చాలు. కళ్ళజోడు, చెవి మిషన్ ఉంటే పెట్టి ఉంచండి. సాయంత్రం చీకటి పడకముందే లైటు వేయండి. ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం ఫోన్ చేయండి.

మూడోబెడ్_అటెండెంట్
సరేనండి. ఇంకో చిన్న అనుమానం, నవ్వకండి. రాత్రిపూట ఆ సంచీ ఎక్కడ పెట్టాలి? నాన్న పక్కనే దిండు మీద పెట్టుకుంటానంటున్నారు, కింద పెడితే ఎవరైనా తీసుకుపోతారట.

నైట్‌డ్యూటీ
దిండు మీద వద్దు, మూత్రం వెనక్కి పోతుంది. మంచం కమ్మీకి తగిలించండి, నడుం కంటే కిందకి ఉండాలి, నేలకి తగలకూడదు. ఎవరూ తీసుకుపోరని చెప్పండి, కాపలా మీరున్నారుగా.